మా ఇంటి లెక్క చెప్పినవారు

కిందటి నెల ఒక ఆదివారం, మందిరం నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, ఎదురింటి పాప వచ్చింది. మూడో తరగతి చదువుతోంది. చేతిలో ఒక అచ్చు కాగితం, వెనకాల ఫోను పట్టుకుని వాళ్ళమ్మ. బడిలో సర్వే చేసుకు రమ్మన్నారట. వీధిలో అయిదిళ్ళకు వెళ్ళి, ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో అడిగి, పట్టికలో వేసుకుని, ఆ పట్టికను బట్టి బొమ్మల పటం గీసి తీసుకెళ్ళాలి. కాగితం తీసుకుని చూశాను. అప్పటికే నిండి ఉంది. అక్షరాలు గుండ్రంగా, పెద్దవాళ్ళవి.

"దీనికి హోంవర్కులే బోలెడున్నాయండి. అందుకని నేనే రాసీసేను," అంది వాళ్ళమ్మ. "మీరు దానికి ఏదో సెప్తన్నట్టు కూర్చుంటే ఒక ఫొటో తీసీసి ఎల్లిపోతాం."

మా ఇంటి గడిలో ముగ్గురు అని వేసింది. ఇప్పుడు ఈ ఇంట్లో ఉంటున్నది మా ఆయన, నేను. మూడో మనిషి మా అత్తగారు. ఆవిడ పోయి పది నెలలు దాటింది. వాళ్ళు ఈ వీధిలోకి వచ్చిన కొత్తలో ఆవిడ వరండాలో కూర్చుని ఉండేది, ఆ లెక్క వాళ్ళ మనసులో అలాగే ఉండిపోయింది కాబోలు. పాప నా పక్కన కూర్చుంది. నేను నోరు కదిపాను. ఫొటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. ఆ అంకె దిద్దాలని నాకు అనిపించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా మూడో తరగతి పిల్లలకు ఇదే పాఠం చెప్పి, మనిషిని అడక్కుండా రాసింది దొంగ లెక్క అని ఏటేటా వాళ్ళ చేత అనిపించిన దాన్ని. కాగితం చూశాను, తిరిగి ఇచ్చేశాను, అంతే. తర్వాత చీర మార్చుకోకుండానే తెల్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ పాఠం మొదటిసారి చెప్పిన ఏడాది గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తే ఏమవుతుందో అన్న భయం కూడా ఇప్పుడు లేదు.

అప్పుడు మేము చోడవరంలో ప్రార్థన మందిరం వెనక సందులో ఉండేవాళ్ళం. నాన్న చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తా, మా సంఘంలో పెద్ద. సీజనులో రోజంతా చెరకు బళ్ళు తూయించి, నిండు బండి ఎంత, ఖాళీ బండి ఎంత అని చీటీలు రాసి, చొక్కా నిండా మడ్డి వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆ వాసన ఉతికినా పోయేది కాదు. వానలు పడేదాకా మా ఇంటి దండెం దగ్గర నిలబడితే తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ముక్కుకు తగిలేది. నాయనమ్మది ఇంకో వాసన. ఆవిడ అడ్డచుట్ట తాగేది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. సంఘ పెద్ద తల్లి చుట్ట తాగడం నాన్నకు చిన్నతనంగా ఉండేది. సాయంకాలం ప్రార్థనకు నాన్న పాట ఎత్తుకోగానే ఆవిడ చుట్ట తీసి దూలం సందులో దాచి, రెండు చరణాలయ్యేసరికి నోరు కడుక్కుని వచ్చి కూర్చునేది. "దేవుడికి వాసన తెలీదేటి అమ్మా," అని నాన్న అడిగితే, "పొగాకు మొక్క మొలిపించినోడు ఎవుడ్రా, నువ్వా," అనేది. నాన్న మూడో చరణం ఎత్తుకునేవాడు.

అమ్మ బియ్యం గ్లాసుతో కొలవడం నేను ఎరుగను. మొదటి పిడికెడు దేవుడి డబ్బాలో పడేది. అది నెలాఖరున మందిరానికి వెళ్ళేది. ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరినీ తలుచుకుంటూ, మనిషికి రెండు పిడికిళ్ళు చేటలో పోసేది. అత్త, ఆయన, కరుణ, సలోమి అని పెదవులు కదిలేవి. కరుణ నేను, సలోమి నా చెల్లెలు. చివరి రెండు పిడికిళ్ళకు పేరు ఉండేది కాదు, అవి తనవి. చుట్టం ఎవరైనా వస్తే ఆ పేరు కూడా కలిసేది. ఎంతమందికి వండావు అని అడిగితే అమ్మకు చెప్పడం రాదు. ఎవరెవరికి వండిందో చెప్పేది.

నాన్న బరువులు లెక్క వేసే మనిషే గాని మనుషుల్ని లెక్కపెట్టేవాడు కాదు. వాక్యంలో, అంటే బైబిల్లో, ఒక రాజు ఉన్నాడు. తన జనం ఎంతమందో తెలుసుకోవాలని బుద్ధి పుట్టి, సేనాధిపతి వద్దన్నా వినకుండా, దేశమంతా లెక్కపెట్టించాడు. లెక్క చేతికి వచ్చాక దేశం మీద తెగులు పడి జనం వేలల్లో పోయారు. ఆ భాగం చదివినప్పుడల్లా నాన్న పుస్తకం మూసి కాసేపు ఆగేవాడు. "ఆయన ఇచ్చినోళ్ళని ఆయనే లెక్కెట్టుకుంటాడు. అది మన పని కాదు," అనేవాడు. పట్నంలోని సంఘాల ఆఫీసు నుంచి ఏటా ఒక ఫారం వచ్చేది, ఆదివారం హాజరు ఎంత అని. నాన్న ఆ గడిలో "మందిరము నిండుచున్నది" అని రాసి పంపేవాడు. ఒక ఏడాది వాళ్ళు దాని కింద ఎర్ర గీత గీసి తిప్పి పంపితే, "అరుగు మీద కూడ కూర్చొనుచున్నారు" అని కలిపి మళ్ళీ పంపాడు. మా పాస్టరయ్యగారు నవ్వి ఊరుకునేవారు.

నేను ఆదివారం బడిలో పెరిగిన దాన్ని. కంఠత వాక్యాల్లో మొదటి బహుమతి ఎప్పుడూ నాదే. ఏ మాట ఏ అధ్యాయంలో ఉందో నాన్న పేజీలు తిప్పుకునే లోపల చెప్పేదాన్ని. చెప్పగలనని నాకు తెలుసు, తెలుసునని అందరికీ తెలియాలి. ఆ వయసులో నాకున్న జబ్బు అదే. టీచరు ట్రైనింగు అయ్యాక ఉద్యోగం రాలేదు. మా వీధి చివరి సర్కారు బడిలో ఒక టీచరమ్మ పురుడు సెలవు మీద వెళ్తే ఆ ఖాళీలో నన్ను పెట్టుకున్నారు. మూడో తరగతి. చెరకూ వరీ పండించే ఇళ్ళ పిల్లలు. మా చెల్లి సలోమి అప్పుడు పదో తరగతిలో ఉండేది. నా జీతం రాకముందే దానితో ఏమేం కొనాలో అది నిర్ణయించింది.

పుస్తకంలో ఆ పాఠం ఒక్క పేజీ. మీ వీధిలో అయిదిళ్ళకు వెళ్ళి అడగండి, పట్టికలో రాయండి అని ఉంది. నాకు అది చాలలేదు. ముందు తరగతిలోనే మొదలుపెట్టాను. పనసతొనలు ఇష్టమా, తాటిముంజెలు ఇష్టమా అని ఒక్కొక్కరినీ లేపి అడిగితే, మొదటి బెంచీ పిల్ల పనస అంది, ఇక చివరి బెంచీ దాకా అందరూ పనసే. రెండు ఖాళీ డబ్బాలు తెచ్చి, ఒకదాని మీద పనసకాయ, ఇంకోదాని మీద ముంజెకాయ బొమ్మ అతికించి తలుపు వెనక పెట్టాను. ఒక్కొక్కరూ వెళ్ళి ఒక చింతపిక్క వేసి రావాలి. తీసి చూస్తే ముంజెలు గెలిచాయి. పిల్లలు ఆ డబ్బాల చుట్టూ మూగి చాలాసేపు కదల్లేదు. నలుగురిలో చెప్పే జవాబు వేరు, ఎవరూ చూడనప్పుడు చెప్పే జవాబు వేరు అని వాళ్ళకు నేను చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత వీధులు పంచాను. మనిషికి పదిళ్ళు. ఒకటే ప్రశ్న, మీ ఇంట్లో ఎంతమంది. మర్నాడు కాగితాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సత్తిబాబు అనే పిల్లవాడు ఒక గడిలో అంకెకు బదులు "లాభం" అని రాసుకొచ్చాడు.

"ఇదేటిరా?"

"మా పక్కింట్లో తాతొక్కడే ఉంటాడండి. ఎంతమందంటే లాభం అన్నాడు."

కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ ముసలాయన తనని కూడా అలాగే కొలిచాడు. ఇంకో ఇంట్లో పద్నాలుగు మంది. తీరా చూస్తే అవి నాట్ల రోజులు, రోలుగుంట వైపు నుంచి చేతిసాయానికి వచ్చిన చుట్టాలందర్నీ వాళ్ళు కలిపేశారు. నూకాలు అనే పిల్ల తన సొంత ఇంటి గడే ఖాళీగా తెచ్చింది.

"మా మామ్మ సెప్పనేదండి. గుంటల్ని లెక్కెట్టకూడదంట. దిష్టి తగులుతాదంట. అడిగినందుకు నాకే దిష్టి తీసి పడీసింది."

అంటే నాన్న ఒక్కడే కాదు. వాక్యం తెలిసిన ఇల్లూ, తెలియని ఇల్లూ ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి. నేను ప్రశ్న మార్చాను. ఈ పూట మీ కుండలో కూడు తిన్నవాళ్ళు ఎంతమంది అని అడగమన్నాను. దానికి జవాబులు తిన్నగా వచ్చాయి. కానీ సత్తిబాబు మర్నాడు ఇంటర్వెల్ గంట కొట్టేలోపల పదిళ్ళూ పూర్తి చేసేశాడు. బడి ముందు కల్వర్టు మీద కూర్చుని రాశాడని నూకాలు చెప్పింది. అప్పుడు పట్టికలో ఇంకో గడి గీయించాను. చెప్పినవారి పేరు. ఎవర్ని అడిగావో వాళ్ళ పేరు రాయాలి. పేరు లేకపోతే ఆ అంకె చెల్లదు. మనిషిని అడక్కుండా రాసింది దొంగ లెక్క అని ఆ రోజే మొదట అన్నాను.

మా సందు నూకాలు వంతుకు వచ్చింది. సాయంత్రం తోడుగా నలుగురైదుగురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. నాన్న వరండాలో నులకమంచం మీద కూర్చుని పాటల పుస్తకం అట్టకు దారం కుడుతున్నాడు.

"తాతా, ఈ పూట మీ కుండలో కూడు తిన్నోళ్ళు ఎంతమందండి?"

"తిన్నోళ్ళందరికీ సరిపోయింది తల్లీ."

"సరిపోయింది కాదండి. అంకె కావాలండి."

"మనుషులకి అంకెలు ఎయ్యకూడదమ్మా. గొడ్లు ఎన్నున్నాయో అడుగు, సెప్తాను."

"గొడ్ల గడి నేదండి," అంది నూకాలు.

నేను బయటికి వచ్చాను. "నాన్నా, అది పాఠం. సెప్పీండి."

"పాఠమైతే బళ్ళో సెప్పుకో. రాజు లెక్కెట్టించిన తర్వాత ఏటయిందో నీకు నేను సెప్పాలేటి?"

పిల్లలు నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూస్తున్నారు. నాకు మాట తడుముకోవలసిన పని లేకపోయింది. "ప్రభువు సెప్పిన కథలో, నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోయిందని ఆ కాపరికి ఎలాగ తెలిసింది నాన్నా? లెక్కెట్టుకోబట్టే కదా. లెక్కెట్టనోడికి ఒకటి పోయినా తెలీదు."

లోపల్నుంచి నాయనమ్మ, "బాగుందర్రా. ఇయ్యాల్టి నుంచి పెసంగం కూతురిది, కానుక పట్టడం తండ్రిది," అంది. పిల్లలకు అర్థం కాకపోయినా నవ్వారు. నాన్న నా ముఖం వైపు ఒకసారి చూసి మళ్ళీ దారం మీదకి తల వంచాడు. నేను గెలిచాను.

"అయిదుగురం. రాసుకో నూకాలూ," అన్నాను.

"నన్ను పూర్తిగా కలిపీకు అక్కా," అంది సలోమి గుమ్మంలోంచి. "నేను సగవే తింటాను. పటం మీద నాకు అర పిక్క ఎట్టించు."

"సెప్పినోరు ఎవులని రాయమంటారండి?"

"కరుణ టీచర్ అని రాయి."

శనివారం సలోమి కూడా బడికి వచ్చింది. తుమ్మబంకతో చింతపిక్కలు అట్ట మీద అతికించాం, ఇంటికి ఒక వరస, మనిషికి ఒక పిక్క. మా ఇంటి వరస సలోమే అతికించింది. పటం గోడకు కొట్టి, ఇది ఏం చెప్తోంది అని అడిగాను. పొడుగు వరసున్న ఇల్లు గొప్పది అన్నాడు సత్తిబాబు. గొప్పదని ఎక్కడుంది, మనుషులు ఎక్కువని ఉంది అంతే అంది నూకాలు. ఎవరింట్లో బియ్యం తొందరగా అయిపోతాయి, ఎవరింట్లో నీళ్ళు ఎక్కువ తోడాలి, అవి చెప్పుకున్నారు. ఎవరింట్లో ఎవరు మంచివాళ్ళో ఇందులో తెలుస్తుందా అంటే తెలీదన్నారు. ఎవరు మిగుల్తారో తెలుస్తుందా అని వాళ్ళూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత మూడు వారాలకు నాన్న చీడికాడ వైపు ప్రార్థన కూటాలకు వెళ్ళాడు. కొండ వారన చిన్న పల్లె, నాలుగు రోజుల కూటాలు. పాటలు పాడడానికి సలోమిని తీసుకెళ్ళాడు. దాని గొంతు మైకు లేకుండా చివరి వరస దాకా వెళ్ళేది. అమ్మ వానల్లో ఎందుకంది. నాన్న, దేవుడి పని అన్నాడు. తిరిగి వచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. మొదటి రోజు మాత్ర వేశాం. రెండో రోజు తగ్గింది, కొర్రమీను పులుసు కావాలంది. మూడో రోజు మమ్మల్ని పోల్చుకోలేదు. కారు మాట్లాడుకుని పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మలేరియా మెదడుకెక్కింది అన్నారు. దాని తల నా ఒళ్ళో ఉన్నప్పుడు ఎంత బరువుగా ఉందో నాకు గుర్తుంది. ఇంకేమీ సరిగ్గా గుర్తులేదు. నాలుగో రోజు అదే కారులో తిరిగి వచ్చాం.

సమాధి దగ్గర అందరూ పాడారు. నేనూ పాడాను. కళ్ళు తడి కాలేదు. పెట్టె దింపాక ఆడవాళ్ళు అమ్మ చుట్టూ కూర్చున్నారు. నూకాలు మామ్మ కూడా వచ్చింది. అమ్మ వీపు రాస్తూ, చెడ్డ బుద్ధితో కాదు, నిజంగా జాలితోనే అంది. "లెక్కెట్టకూడదని పెద్దోళ్ళు ఊరకే అన్నారా తల్లీ. పిల్లలకేటి తెలుస్తాది." పక్కనే నాన్న నిలబడి ఉన్నాడు. విన్నాడు. కాదంటాడేమో అని చూశాను. అవునంటాడేమో అని కూడా చూశాను. నాన్న చేతులకు అంటిన మట్టి దులుపుకుని, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇమ్మని ఎవరితోనో చెప్పాడు.

ఆ రోజు నుంచి నేను ఆ మాట కోసం ఎదురు చూశాను. నీవల్లే అని నాన్న అంటే చాలు, కాళ్ళ మీద పడి ఏడుద్దును. నీవల్ల కాదు అన్నా ఏడుద్దును. ఏదీ అనలేదు. నాతో కోపంగా లేడు. చెప్పులెక్కడ, నీళ్ళు తోడారా, ఇవన్నీ మామూలుగా అడిగేవాడు. సాయంకాలం ప్రార్థనలో ఆ రాజు ఉన్న భాగం వచ్చే వంతు ఒకటి ఉంది. ఆ రోజు నాన్న నాలుగు పేజీలు ఒకేసారి తిప్పి ముందుకు వెళ్ళిపోయాడు. నేను చూశానని ఆయనకు తెలుసు. నాకూ వాక్యం తెలుసు, అదే నాకు చేటైంది. లెక్కపెట్టుకున్న కాపరికి ఒకటి పోయిందని తెలుస్తుంది అని నేనే అన్నాను. తెలిసింది. ప్రార్థన మానలేదు, మందిరం మానలేదు. అందరితో పాటు మోకాళ్ళ మీద ఉండి, ప్రభువా అనేదాన్ని. ఆ తర్వాత మాటలు ఉండేవి కాదు. అమ్మ చేయి మాత్రం మారలేదు. పొద్దున్నే పెదవులు కదుపుతూ పాత కొలతే పోసేది. రోజూ కొంత అన్నం మిగిలేది. నాయనమ్మ దాన్ని నీళ్ళలో వేసుకుని మర్నాడు తినేది, ఏమీ అనకుండా. ఒక రోజు అలా తింటూనే నాతో అంది, "నీకొక్కదానికే అనుకుంటన్నావేటే. గుంటని కూటాలకి తీసుకెళ్ళింది మీ నాన్న కాదేటి. ఆడు చీడికాడ బస్సు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతన్నాడు." నేను విన్నాను. విన్నది నాలోపలికి వెళ్ళడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

బడికి తిరిగి వెళ్ళాను. పాఠాలు చెప్పాను. ఆ పటం వైపు చూడకుండా నల్లబల్ల మీద రాయడం అలవాటు చేసుకున్నాను. వానలు వెనకబట్టాక హెడ్మాస్టారు పిలిచి, తనిఖీకి వస్తున్నారు, మీ పిల్లల సర్వే బాగుంది, మళ్ళీ ఒకసారి అడిగించి అప్పటికీ ఇప్పటికీ తేడా చూపించండి అన్నారు. నా ముఖం చూసి, "మీ ఇల్లు వదిలీండమ్మా," అని మెల్లగా కలిపారు. పిల్లలకు చెప్పగానే తరగతి అంతా లేచింది. మా అక్కకి గుంట పుట్టిందండి, మాకు ఒకటి పెరిగింది అని ఒకరు. మా తాత కొడుకింటికి ఎల్లిపోయేడండి, మాకు ఒకటి తగ్గింది అని ఒకరు. తగ్గింది అన్న పిల్లవాడు వెంటనే నా వైపు చూసి కూర్చున్నాడు.

"నూకాలూ, మా ఇంటికి ఎల్లక్కర్లేదు. అంకె నేనే ఇస్తాను," అన్నాను.

నూకాలు లేచి నిలబడింది. పొగరుగా కాదు. దానికి నిజంగా సందేహం. "ఇంటికి ఎల్లకండా ఎలాగ రాస్తానండి? అది దొంగ లెక్క అని మీరే అన్నారు కదండీ."

ఎనిమిదేళ్ళ పిల్ల నేను నేర్పిన మాటే నాకు అప్పజెప్పింది. సరే అన్నాను.

ఆ సాయంత్రం ఒక్కతే వచ్చింది. వాళ్ళమ్మ ఏం చెప్పి పంపిందో ఏమో, గుమ్మానికి దూరంగా, వాకిట్లోనే నిలబడింది. నాన్న వరండాలో ఉన్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"తాతా, మళ్ళీ లెక్క రాస్తన్నామండి. ఇష్టం నేకపోతే సెప్పద్దండి."

సందు చివర అనకాపల్లి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. మనుషులకు అంకెలు వేయకూడదు అనే మాట ఇప్పుడు వస్తుంది, పిల్ల వెళ్ళిపోతుంది, ఇంతటితో పోతుంది అనుకున్నాను.

"ఇలా రా తల్లీ. మంచం మీద కూర్చుని రాసుకో," అన్నాడు నాన్న. "నలుగురం."

నూకాలు రాసింది. పెన్సిలు చప్పుడు నాకు వినిపించింది. "సెప్పినోరు టీచర్ అని రాసీమంటారా? మొన్న అలాగే రాసేను."

"కాదు. నా పేరు రాయి." తన పేరు విడమర్చి చెప్పాడు. అది రాసేదాకా ఆగాడు. తర్వాత గొంతు కొంచెం పెంచి, నేను తలుపు వెనక ఉన్నానని తెలిసే అనుకుంటాను, "మొన్నటి గడిలో కూడా టీచర్ పేరు కొట్టీసి నా పేరే రాయమ్మా. ఆ లెక్క నాది," అన్నాడు.

"అలాగ రాయకూడదు తాతా. మొన్న టీచరే సెప్పేరు. నువ్వు సెప్పనే నేదు."

"నేనూ ఇక్కడే ఉన్నాను కదమ్మా."

"ఉన్నావు గాని సెప్పనేదు. గొడ్లు అడగమన్నావు."

నాన్న ముక్కులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. నవ్వని అనుకోవచ్చు. సలోమి పోయాక అది మొదటిది. "ఈ పిల్లకి ఎవులు నేర్పేరో గాని గట్టిగా నేర్పేరు," అన్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "అయితే కొట్టీకు. టీచర్ పేరు అలాగే ఉంచి, పక్కన నాది కూడా రాయి. ఇద్దరం," అన్నాడు.

ఆ గడి చిన్నది. రెండో పేరు పట్టలేదు. నూకాలు కాగితం అడ్డంగా తిప్పి, అంచు మీద నుంచి పైకి రాసుకుంటూ పోయింది. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చి మంచం కోడు పక్కన కింద కూర్చున్నాను. నాన్న నా తల మీద చెయ్యి వేయలేదు. కాళ్ళు కొంచెం జరిపి నాకు చోటిచ్చాడు. ఏడుపు అప్పుడు కూడా రాలేదు. కానీ ఆ రాత్రి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ప్రభువా అన్న తర్వాత ఇంకో మాట వచ్చింది. అది సలోమి పేరు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత కూడా మా ఇద్దరి మధ్య ఆ విషయం ఎప్పుడూ రాలేదు. ఫారాల గడుల్లో మందిరం నిండుచున్నదనే రాశాడు, చివరిదాకా. ఇప్పుడు మా మందిరంలో ఆరాధన కాగానే తెర మీద హాజరు అంకె పడుతుంది, కిందటి ఆదివారం కంటే ఎక్కువో తక్కువో కూడా వేస్తారు. నేను చూస్తాను, తప్పనను. లెక్క చేతికి రావడానికి ఇప్పుడు ఎవరూ ఏ గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు, చెప్పినవాళ్ళ పేరు అడిగేవాళ్ళు లేరు. ఆ రాజు చేసిన తప్పు లెక్కపెట్టడమా, లెక్క చూసుకుని పొంగడమా అన్నది నేను ఎన్నో ప్రసంగాల్లో విన్నాను, నేనూ రెండు మూడు సార్లు ఆడవాళ్ళ కూటాల్లో చెప్పాను. చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. మా ఇంట్లో జరిగింది ఎవరి వల్ల అని మాత్రం ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. జవాబు రాలేదు, వస్తుందని నమ్ముతున్నాను. అంతవరకు నాకు తెలిసింది ఇంతే. అది నా వల్లే అన్న మాటకు నాన్న అవునంటాడో కాదంటాడో అని నేను ఎదురు చూశాను. ఆయన రెండూ అనకుండా, నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్న చోటికి వచ్చి నిలబడ్డాడు.